మందు ఆపగానే మళ్లీ మూత్రంలో రక్తం

మీరు రాసినట్లు, యాంటీబయాటిక్ వాడినన్నాళ్లు తగ్గి, ఆపిన పది రోజులకే మీ ఆరేళ్ల పొమేరియన్ ఆడకుక్కకు మళ్లీ రక్తంతో మూత్రం చుక్కలుగా వస్తోందంటే, మూత్రాశయంలో రాయి ఉండడమో, ఆ మందుకు బ్యాక్టీరియా లొంగకపోవడమో కారణమై ఉండవచ్చు. ఆడకుక్కల్లో తరచుగా కనిపించే స్ట్రువైట్ అనే రకం రాళ్లు చాలావరకు ఇన్ఫెక్షన్ వల్లనే ఏర్పడతాయి. రాయిలో దాగిన బ్యాక్టీరియా మందు ఆపగానే తిరిగి విజృంభిస్తుంది.

చాలామంది వదిలేసేది మూత్రం కల్చర్ పరీక్ష, అంటే మూత్రంలోని బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష. మీరు రాసినదాంట్లోనూ అది లేదు.

1. మిగిలిన పాత మాత్రలు మీ అంతట మీరు వేయకండి. నమూనా తీయకముందే మందు పడితే కల్చర్‌లో ఏమీ పెరగకపోవచ్చు.

2. నేలమీద పడిన మూత్రం ఈ పరీక్షకు పనికిరాదు. పొట్టమీదుగా సన్నని సూదితో మూత్రాశయం నుంచి డాక్టరు నేరుగా తీసిన నమూనాయే నమ్మదగినది. చూడటానికి భయం కలిగినా అది కొద్ది క్షణాల పనే, కనుక వద్దనకండి. ఏ మందు పనిచేస్తుందో ఆ నివేదికే చెబుతుంది.

3. అదే రోజు ఎక్స్‌రేతోపాటు అల్ట్రాసౌండ్ కూడా అడగండి. యూరేట్ అనే మరో రకం రాళ్లు మామూలు ఎక్స్‌రేలో సరిగా కనిపించకపోవచ్చు.

నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉంచండి. నొప్పికని ఐబుప్రొఫెన్ వంటి మనుషుల మాత్రలు ఇవ్వకండి, అవి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి.

ఇవన్నీ ఒకటి రెండు రోజుల్లో చేయించండి. అయితే ముక్కుతున్నా చుక్క కూడా రాకపోయినా, పొట్ట బిగుసుకున్నా, వాంతులు మొదలైనా, అర్ధరాత్రయినా సరే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.