బోరు మోడెం మెసేజ్ పంపకపోతే ఎక్కడ వెతకాలి

అనంతపురం

చిరంజీవి అల్లుడికి,

మామ ఆశీస్సులు. చీనీ తోట బోరు స్టార్టర్‌కు పెట్టిన సిమ్800ఎల్ మోడెం, అదే సిమ్ వేస్తే ఫోనుకు మెసేజ్ పంపే చిన్న బోర్డు, ఒకరోజు మెసేజ్ పంపి రెండ్రోజులు పంపడం లేదని రాశావు. ప్రోగ్రాం జోలికి ఇప్పుడే పోవద్దు నాయనా. ఇట్లా పంపీ పంపకుండా ఉందంటే ముందు దానికి అందే కరెంటునే అనుమానించాలి. డబ్బా తెరిచే ముందు మెయిన్ ఆపి, ఫ్యూజులు పీకి జేబులో వేసుకో. అందులో ఉండేది మూడు ఫేజులు.

ఆ మోడెంకు 3.4 నుంచి 4.4 వోల్టుల మధ్య ఉండాలి, 4.0 దగ్గర పెడితే మేలు. టవర్‌తో మాట్లాడేటప్పుడు మాత్రం 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. వైరు సన్నగానో పొడవుగానో ఉంటే వోల్టేజి పడిపోయి మోడెం ఆరిపోతుంది, మళ్లీ లేస్తుంది. ఆ లాగుడు అర మిల్లీసెకను పైచిలుకు అంతే, మల్టీమీటర్ పట్టలేదు. మీటర్ 4.0 చూపిందని నమ్మొద్దు, లైటును చూడు. సెకనుకోసారి వెలిగితే టవర్ దొరకలేదు, మూడు సెకన్లకోసారి అయితే దొరికింది. మూడు సెకన్లకు కుదురుకున్న లైటు సరిగ్గా మెసేజ్ పంపే వేళకు సెకనుకు మారిందంటే తప్పు కరెంటుదే.

మోడెంను నడిపే చిన్న కంప్యూటర్ బోర్డు ఆర్డునో ఉంది కదా, దాని 5 వోల్టుల పిన్ను నుంచి మోడెంకు కరెంటు ఇవ్వొద్దు. వోల్టేజి తగ్గించే ఎల్ఎం2596 బక్ బోర్డును 4.0కు తిప్పి, మోడెం తగిలించక ముందే మీటర్‌తో చూసుకో. 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను మోడెం పిన్నులకు ఆనించి సోల్డర్ చెయ్. జానెడు దూరంలో పెడితే దండగే. గ్రౌండ్ వైర్లన్నీ ఒకచోట కలవాలి. ఆర్డునో నుంచి మోడెంకు పోయే డేటా వైరుకు రెండు 10 కిలో ఓమ్ రెసిస్టర్లతో వోల్టేజి సగం చెయ్, మోడెం పిన్ను 5 వోల్టులు ఓర్చుకోదు.

మోటారు ఆన్ అయినప్పుడో ఆగినప్పుడో మాత్రమే మోడెం రీసెట్ అవుతుంటే కారణం కంటాక్టర్ కాయిల్, అంటే స్టార్టర్‌లో మోటారును ఆన్ ఆఫ్ చేసే స్విచ్చును లాగే తీగచుట్ట. అది కొట్టే వోల్టేజి దెబ్బను అణిచేందుకు దాని రేటింగుకు తగిన ఆర్‌సీ స్నబ్బర్ (రెసిస్టర్, కెపాసిటర్ జత) బిగించు.

తర్వాత సిమ్. దాన్ని మామూలు ఫోన్లో వేసి ఒక మెసేజ్ పంపు. పోకపోతే రీఛార్జ్ అయిపోయిందేమో చూడు. పిన్ లాక్ ఉంటే అక్కడే తీసెయ్. ఈ మోడెం 2జీ మాత్రమే, జియోకు 2జీ లేదు కాబట్టి ఆ సిమ్ ఇందులో ఎప్పటికీ పట్టదు.

ఇక మోడెంను కంప్యూటర్‌కు తగిలించి, 9600 వేగంలో 'ఏటీ' అనే ఆదేశం కొడితే 'ఓకే' రావాలి. ఈ ఆదేశాలన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. సిగ్నల్ బలం చూడాలంటే 'ఏటీ+సీఎస్‌క్యూ?' కాదు, ప్రశ్నార్థకం లేకుండా 'ఏటీ+సీఎస్‌క్యూ' అని కొట్టు. జవాబు 31 దాకా ఉంటుంది. 10 కంటే తక్కువైతే మెసేజ్ పోతుందని భరోసా లేదు, 99 అంటే సిగ్నల్ తెలియడం లేదు. ఇనుప డబ్బాలో స్ప్రింగు యాంటెన్నా పెడితే ఇంతే. వైరున్న యాంటెన్నా తెచ్చి డబ్బా బయట, ఎత్తులో పెట్టు. 'ఏటీ+సీఆర్ఈజీ?' కు 0,1 గానీ 0,5 గానీ వస్తే టవర్‌లో చేరినట్టు. 0,3 అయితే కంపెనీ నిరాకరించింది, ఆ సిమ్ పట్టుకుని వాళ్ల దగ్గరికి పో.

అన్నీ సరిగ్గా ఉండి మెసేజ్ ఒక్కటే పోకపోతే 'ఏటీ+సీఎంఈఈ=2' కొట్టు, తప్పేంటో మాటల్లో చెప్తుంది. 'ఏటీ+సీఎస్‌సీఏ?' లో మెసేజ్ సెంటర్ నంబరు ఖాళీగా ఉందేమో చూడు. మెసేజ్ పంపే ఆదేశంలో నంబరు ముందు +91 ఉండాలి. అది కొట్టాక '>' గుర్తు వచ్చేదాకా ఆగి మాట పంపాలి, చివర కంట్రోల్+జెడ్, అంటే కోడ్ 26. తెలుగులో పంపాలంటే యూసీఎస్2 అనే అక్షరాల పద్ధతి పెట్టాలి, అప్పుడు ఒక మెసేజ్‌లో 70 అక్షరాలే పడతాయి. లేకుంటే తెలుగు అక్షరాలు చెడిపోతాయి.

పొలానికి మూడు ఫేజుల కరెంటు రోజంతా ఉండదు. కరెంటు పోయిందని చెప్పాల్సిన మోడెం కరెంటుతో పాటే ఆగిపోతే ఏం లాభం? బక్ బోర్డు వెనక ఛార్జర్‌తో 12 వోల్టుల బ్యాటరీ పెట్టు. రోజూ పొద్దున 6కు 'మోడెం బాగుంది' అని ఒక మెసేజ్ వచ్చేట్టు రాసుకో. అది రాని రోజు మోటారు సంగతి కంటే ముందు డబ్బా సంగతి చూడు.

మీ మామ