ఊటీలో కనిపించిన ఆ నారింజ పిట్ట

ప్రశ్న: సార్, మే నెలలో పిల్లలతో ఊటీ వెళ్ళాం. దొడ్డబెట్ట దగ్గర పొదల్లో పిచ్చుక కంటే చిన్న పిట్ట, ఒళ్ళంతా నారింజ రంగు, తల, రెక్కలు నల్లగా, మమ్మల్ని చూసి పెద్దగా భయపడలేదు. పక్కన ఇంకోటి, దాని తల గోధుమ రంగు. ఏం పిట్టలివి? అరకులో ఉంటాయా? ఫోన్లో కూత పెడితే పిట్టలు దగ్గరికొస్తాయని మావాడంటున్నాడు, పెట్టొచ్చా?
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: అదృష్టవంతులమ్మా మీరు! అది బ్లాక్ అండ్ ఆరెంజ్ ఫ్లైక్యాచర్. రెండూ ఒకటే జాతి, నల్ల తలది మగది, గోధుమ తలది ఆడది. నీలగిరి, పళని, ఆనైమలై లాంటి దక్షిణపు కొండల్లో, ఎక్కువగా 1,500 మీటర్ల పైన ఉంటుంది, ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. 1839లో దీన్ని లోకానికి పరిచయం చేసింది జెర్డన్ అనే మద్రాసు ఆర్మీ డాక్టర్, మన కడప కలివికోడికి ఇంగ్లీషులో ఉన్నది కూడా ఆయన పేరే.

ఫ్లైక్యాచర్లు చాలావరకు కొమ్మ చివర కూర్చుని గాల్లో ఎగిరే పురుగుని పట్టేస్తాయి కదా, ఇది అలా కాదు, గుబురు నీడలో నేలకి దగ్గరగా తిరుగుతూ ఆకుల మీదా, రాలిన ఆకుల్లోనూ పురుగులు ఏరుకుంటుంది, అందుకే పైకి చూస్తూ నడిచేవాళ్ళకి కనబడదు. గూడు కూడా కిందే, పొదలో గడ్డి ఆకులు, ఎండు ఫెర్న్ ఆకులతో బంతిలా కట్టి పక్కన చిన్న దారి పెడుతుంది, మామూలుగా రెండు గుడ్లు.

దీనికి కావాల్సింది షోలా అడవి, అంటే గడ్డి కొండల మధ్య లోయ మడతల్లో పెరిగే పొట్టి చెట్ల చిక్కటి అడవి. ఊటీలో పచ్చగా కనిపించేదంతా అడవి అనుకుంటాం కానీ అందులో చాలా భాగం టీ తోటలు, యూకలిప్టస్, వాటిల్ చెట్లు, మనుషులు నాటినవే. కింద పొద కొట్టేసి పైన చెట్టు ఉంచినా ఈ పిట్టకి ఇల్లు పోయినట్టే.

అరకులో ఉండదు. అక్కడ చలికాలంలో హిమాలయాల వైపు నుంచి వచ్చే వెర్డిటర్ ఫ్లైక్యాచర్ దొరకొచ్చు, ఒళ్ళంతా ఆకుపచ్చ కలిసిన నీలం, అది పైన కొమ్మల మీదే కూర్చుంటుంది.

కూత మాత్రం దయచేసి పెట్టనివ్వకండి. ఇంకో మగపిట్ట తన చోటుకి వచ్చిందనుకుని తిండి మానేసి దాని వెంట పడుతుంది, పైగా మనం సెలవులకి వెళ్ళే మార్చి నుంచి మే దాకా అవి గూళ్ళు పెట్టే టైం. బాబుకి బైనాక్యులర్స్ కొనివ్వండి.