ఘాతంలో ఉన్నది సున్నాల లెక్క కాదు

ప్రశ్న: మా అమ్మాయి పాఠంలో భూమి ద్రవ్యరాశి 5.97×10²⁴ కిలోలు, ఎలక్ట్రాన్‌ది 9.11×10⁻³¹ కిలోలు అని ఉంది. 24 అంటే 24 సున్నాలేనా? మైనస్ ఉంటే రుణసంఖ్యా? చెప్పబోతే నాకే టెన్షన్ వస్తోంది.

జవాబు: ఇరవై ఏళ్లు లెక్కలు చెప్పాను, పిల్లలు తడబడేది ఇక్కడేనండి. 10 పైన చిన్నగా రాసిన 24ని ఘాతం అంటారు, అంటే దశాంశ బిందువు కుడికి జరిగే స్థానాలు. వాటిలో రెండు స్థానాలు 9, 7 తీసుకుంటాయి, మిగిలేవి 22 సున్నాలు. పెన్సిల్ ఇచ్చి ఒక్కసారి పూర్తిగా రాయించండి, ఇక మరిచిపోదు. మైనస్ ఉంటే బిందువు ఎడమకు జరుగుతుంది. సంఖ్య ధనాత్మకమే, చాలా చిన్నది, అంతే. పోల్చేటప్పుడు మాత్రం ముందు ఘాతాన్నే చూడమనండి. 9×10⁸ కన్నా 2×10⁹ పెద్దది. ఆ 9ని చూసి మోసపోయిన పిల్లలు నా క్లాసులో ఎందరో!