డూమ్ ఎడిటర్‌ను స్ట్రైఫ్‌కి పనిచేయించడం: నేను చేసిన వరుస

డూమ్, హెరెటిక్ అనే పాత కాల్పుల ఆటలకు పనిచేసే పాత లెవెల్ ఎడిటర్ (ఆటలోని మ్యాపులు గీసే ప్రోగ్రామ్) సోర్స్ కోడ్ మీ దగ్గర ఉంది, దాని ఆటల జాబితాలో అదే తరహా ఆట స్ట్రైఫ్ లేదు, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. ఇదే ఆట కోసం ఇదే పని నేను చేశాను కాబట్టి ధైర్యంగా చెప్తున్నాను, అవుతుంది. కొత్త ఎడిటర్ రాసేంత పని కాదు. కాకపోతే కోడ్ ముట్టుకోకముందే ఒక సంగతి తేల్చుకోండి. ఆ ఆటలో మారినవి మ్యాప్ ఫైల్లోని రికార్డుల కొలతలా, లేక కొలతలు అలాగే ఉండి లోపలి అంకెల అర్థాలా? మీకు ఎంత పని పడుతుందో దీన్ని బట్టే తెలుస్తుంది.

1993లో వచ్చిన డూమ్‌లో ఒక్కో థింగ్‌కి (మ్యాపులో పెట్టే పాత్ర లేదా వస్తువు) 10 బైట్లు: ఎక్స్, వై, తిరిగి ఉన్న దిశ, రకం నంబరు, ఫ్లాగులు (ఒక్కో బిట్ ఒక్కో ఆన్/ఆఫ్ గుర్తు). లైన్‌డెఫ్‌కి (గోడ గీత) 14, సైడ్‌డెఫ్‌కి (ఆ గీతకు ఒక పక్క) 30, సెక్టార్‌కి (గది లాంటి ప్రాంతం) 26. మరుసటి ఏడు వచ్చిన హెరెటిక్ ఈ కొలతల జోలికి పోలేదు. 1995లో హెక్సెన్ మార్చేసింది: థింగ్ 20 బైట్లు, లైన్‌డెఫ్ 16, పైగా స్క్రిప్టుల కోసం బిహేవియర్ అనే లంప్ (ఆట ఫైల్లో పేరున్న ఒక విడి భాగం) ఒకటి అదనం. మీ ఆట ఆ తరహాదైతే పట్టికలు మార్చి సరిపెట్టలేరు, చదివే కోడూ రాసే కోడూ రెండూ తిరగరాయాలి. అదృష్టం కొద్దీ 1996 నాటి స్ట్రైఫ్, హెక్సెన్ తర్వాత వచ్చినా, మ్యాపుల విషయంలో డూమ్ కొలతలనే ఉంచుకుంది. డూమ్ టూ అనుకోమని ఎడిటర్‌కి చెప్పి ఒక మ్యాప్ తెరిచి చూడండి. గోడల గీతలన్నీ చక్కగా వస్తాయి.

వస్తువులు మాత్రం తప్పుగా కనిపిస్తాయి. 3004 నంబరు డూమ్‌లో తుపాకీ పట్టిన జాంబీ, స్ట్రైఫ్‌లో మామూలు పల్లెటూరి మనిషి. 9 అక్కడ షాట్‌గన్ సార్జెంట్, ఇక్కడ మనవైపు నిలిచే తిరుగుబాటుదారు. ఇంటి నంబరు అదే, ఊరే వేరు. ఈ పట్టికను ఊహించి నింపకండి. స్ట్రైఫ్ అసలు సోర్స్ బయటికి రాలేదు గానీ, ఆటను విడదీసి చూసి తిరిగి కట్టిన చాక్లెట్ స్ట్రైఫ్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంది. అందులోని ఇన్ఫో ఫైల్లో ప్రతి పాత్రకీ ఎడిటర్ నంబరు, వ్యాసార్థం, ఎత్తు, స్ప్రైట్ (పాత్ర బొమ్మ) పేరు ఒకే చోట దొరుకుతాయి. నేను ఒక చిన్న స్క్రిప్టుతో వాటిని లాగి ఎడిటర్ కాన్ఫిగరేషన్‌గా మార్చుకున్నాను. చేత్తో టైపు చేయడం కంటే ఇది నమ్మకం.

ఫ్లాగుల దగ్గర ఇంకాస్త జాగ్రత్త కావాలి. థింగ్ ఫ్లాగుల్లో 8 డూమ్‌లో 'పొంచి ఉండు', స్ట్రైఫ్‌లో 'కదలకుండా నిలబడు'. పొంచి ఉండటం 32కి పోయింది, 64 అంటే స్నేహితుడు. లైన్‌డెఫ్‌లో 512 బిట్ స్ట్రైఫ్‌కి దూకి దాటగల రెయిలింగ్. అదే బిట్‌ను బూమ్ పోర్ట్ (డూమ్ ఇంజిన్‌కి మెరుగులు దిద్దిన రూపం) వేరే పనికి వాడుకుంది. కాబట్టి బూమ్ కాన్ఫిగరేషన్‌ను కాపీ చేసి పేరు మార్చే దారి వద్దు. సాదా డూమ్ నుంచే మొదలుపెట్టండి.

ఇక అసలు చిక్కు టెక్స్చర్లు, అంటే గోడల మీది బొమ్మలు. మ్యాప్ బాగానే తెరుచుకుని, గోడల బొమ్మలు చూపించబోయేసరికి ఎడిటర్ కూలిపోతుందా? అయితే చూడాల్సింది మ్యాప్ కాదు, టెక్స్చర్1 లంప్. డూమ్‌లో ఒక్కో టెక్స్చర్‌కి 22 బైట్ల తల, దాని వెంట ఒక్కో ప్యాచ్‌కి (టెక్స్చర్‌ను కూర్చే ముక్క బొమ్మ) 10 బైట్లు. అందులో ఆట ఎన్నడూ వాడని ఖాళీ గడులు కొన్ని ఉన్నాయి. స్ట్రైఫ్ వాటిని తీసేసింది. తల 18 బైట్లు, ప్యాచ్‌కి 6. ప్యాచ్‌లు ఎన్ని అన్న లెక్క డూమ్‌లో 20వ ఆఫ్‌సెట్ దగ్గర ఉంటే స్ట్రైఫ్‌లో 16వ దగ్గర ఉంటుంది. డూమ్ కోడ్ ఆ పాత చోటే చదివి, సంబంధం లేని ఏదో సంఖ్యను ప్యాచ్‌ల లెక్క అనుకుని, లంప్ దాటి మెమరీలోకి వెళ్లిపోతుంది. నేను తీసుకున్న ఎడిటర్‌లో జరిగింది సరిగ్గా ఇదే.

మీ ఫైలు ఏ రకమో హెక్స్ ఎడిటర్‌లో మీరే చూసుకోవచ్చు. లంప్ మొదట 4 బైట్లలో టెక్స్చర్ల సంఖ్య, తర్వాత ఒక్కోదానికి 4 బైట్ల ఆఫ్‌సెట్. పక్కపక్క ఆఫ్‌సెట్ల మధ్య తేడా తీయండి. ఒకే ప్యాచ్ ఉన్న టెక్స్చర్లు ఎప్పుడూ చాలానే ఉంటాయి కాబట్టి కనిష్ఠ తేడా 32 అయితే డూమ్ పద్ధతి, 24 అయితే స్ట్రైఫ్ పద్ధతి. ఎడిటర్‌లో ఆట నిర్వచనానికి ఒక కొత్త ఆప్షన్ చేర్చి, చదివే ఫంక్షన్‌లో రెండు దారులు పెట్టండి. ప్యాచ్ బొమ్మలు మారలేదు, ఆ కోడ్ అలాగే వదిలేయండి.

ఇవన్నీ అయ్యాక కూడా మీ సొంత లెవెల్ వెంటనే గీయకండి. అసలు ఆటలోని మ్యాప్ ఒకటి తెరిచి, ఏమీ మార్చకుండా వేరే ఫైలుగా సేవ్ చేసి, రెండింటినీ లంప్ లంప్‌గా పోల్చండి. ఇంతకంటే విలువైన పరీక్ష ఇంకొకటి లేదని నా గట్టి అభిప్రాయం. సెగ్స్, నోడ్స్ (ఆట గీయడానికి మ్యాపును ముక్కలు చేసిన లెక్క) తేడాగానే వస్తాయి, సేవ్ చేసిన ప్రతిసారీ వాటిని కొత్తగా కడతారు కదా. వెర్టెక్సుల (గీతల కొనల) సంఖ్య కూడా మారవచ్చు. థింగ్స్ మాత్రం ఒక్క బైటు కూడా తేడా రాకూడదు. లైన్‌డెఫ్‌లో మొదటి 4 బైట్లు వెర్టెక్సు నంబర్లు, వాటిని పక్కనపెట్టి ఆ వెంటనే ఉన్న ఫ్లాగులు, యాక్షన్ (ఆ గీత చేసే పని), ట్యాగ్ (మామూలుగా ఆ పని ఏ సెక్టార్‌కో చెప్పే నంబరు) చూడండి. కొన్ని ఎడిటర్లు తమకు తెలిసిన బిట్లను మాత్రమే తిరిగి రాసి, తెలియనివాటిని సున్నా చేస్తాయి. అలా అయితే స్నేహితుడిగా ఉండాల్సిన మనిషి ఆటలో మీ మీదికే కాల్పులకు రావచ్చు, తెర మీద మాత్రం ఏ హెచ్చరికా కనబడదు. తెలియని బిట్‌ను ఉన్నదున్నట్టు తిరిగి రాసేలా కోడ్ సరిచేయడం తప్పనిసరి.

ఎడిటర్‌లో తప్పులు వెతికే సాధనం ఉంటే దాన్నీ ఒకసారి చూడండి. స్ట్రైఫ్‌లో ఒక మ్యాప్ నుంచి ఇంకో మ్యాప్‌కి వెళ్లే గీతల మీద ట్యాగ్ సెక్టార్‌ది కాదు. 100తో భాగిస్తే వచ్చేది మ్యాప్ నంబరు, శేషం అక్కడ దిగాల్సిన చోటు. 301 అంటే 3వ మ్యాప్‌లో 1వ చోటు. డూమ్ లెక్కన ఆ సాధనం 'ఈ ట్యాగ్ ఉన్న సెక్టార్ లేదు' అని అరుస్తుంది. దాని మాట విని ట్యాగ్ తీసేస్తే ఆ దారి ఆటలో వెళ్లాల్సిన చోటికి వెళ్లదు. ఆ యాక్షన్ నంబర్లకు ఈ తనిఖీ జరగకుండా మినహాయింపు రాయండి.

సంభాషణల గురించి ఇప్పుడే కంగారు పడొద్దు. అవి స్క్రిప్ట్01 లాంటి విడి లంపుల్లో ఉంటాయి, మ్యాప్ సేవ్ చేస్తే వాటికేమీ కాదు. ముందు నాలుగు గోడల గది ఒకటి, అందులో ఆటగాడి మొదలు, ఒక పల్లెటూరి మనిషి, ఒక రెయిలింగ్ పెట్టి విడి వాడ్‌గా (ఈ ఆటల డేటా ఫైలు) సేవ్ చేసి చాక్లెట్ స్ట్రైఫ్‌లో తెరవండి. రెయిలింగ్ మీంచి దూకగలిగితే లైన్ ఫ్లాగులు సరిగ్గా చేరినట్టే. ఎక్కడైనా ఆగిపోతే టెక్స్చర్1 లంప్ మొదటి 64 బైట్లు, మీ ఎడిటర్‌లో దాన్ని చదివే ఫంక్షన్ ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.