వేళలు నిజంగా ఆమె చేతిలోనే ఉన్నాయా?

ప్రశ్న: యాప్‌ల ద్వారా దొరికే పనుల్లో వేళలు మన ఇష్టమే అంటారు. అలాంటప్పుడు ఇల్లు చూసుకునే స్త్రీలకే అవి ఎక్కువగా అనుకూలించాలి. కానీ మా కాలనీకి భోజనం తెచ్చేవారిలో స్త్రీలు దాదాపు కనిపించరు. ఇంటికి వచ్చి బ్యూటీ సేవలు అందించేవారు మాత్రం అందరూ స్త్రీలే. ఈ తేడా ఎందుకు?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: వేళలు మన ఇష్టమే అన్న మాటలో నిజం సగమే. భోజనం ఆర్డర్లు ముమ్మరంగా వచ్చేది మధ్యాహ్నం, రాత్రి భోజనాల సమయంలో; నాలుగు రూపాయలు ఎక్కువ మిగిలేదీ అప్పుడే. సరిగ్గా ఆ సమయానికే ఆమె ఇంట్లోనూ వంట కావాలి, పిల్లలకు అన్నం పెట్టాలి. 2024 నాటి జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసేవారిలో స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు. అందువల్ల పెళ్ళయిందా, పిల్లలు ఏ వయసువారు, వారిని చూసుకోవడానికి ఇంట్లో అత్తగారో అమ్మో ఉన్నారా అన్నవే, ఆమె ఈ పనిలోకి రాగలదా, వస్తే ఎన్ని గంటలు చేయగలదు అన్నది చాలావరకు తేలుస్తాయి. బండి, లైసెన్సు, ఫోను సంగతి ఆ తర్వాత వస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఉందని చెప్పిన స్త్రీలు 54 శాతమే.

బ్యూటీ సేవల్లో కస్టమర్లు స్త్రీలే కావడంతో ఇంట్లోవారు అంతగా అభ్యంతరపెట్టరు, బుకింగ్‌లూ చాలావరకు పగటిపూటే ఉంటాయి. అంతమాత్రాన అది సుఖమైన పని అనుకోవద్దు. బిడ్డకు జ్వరం వచ్చి బుకింగ్ వదులుకుంటే, ఆ కారణం యాప్‌కు పట్టదు, లెక్కలోకి వచ్చేది రద్దు ఒక్కటే. తమ సంపాదనలో యాప్ కంపెనీ కోసుకునే కమీషన్ల భారం భరించలేక 2021 అక్టోబరులో గురుగ్రామ్‌లో బ్యూటీషియన్లు ధర్నాకు దిగారు.

ఉద్యోగినికి చట్టప్రకారం 26 వారాల వేతనంతో ప్రసూతి సెలవు ఉంటుంది. ఇలా యాప్‌ల ద్వారా పనిచేసే గిగ్ కార్మికురాలిని ఉద్యోగినిగా పరిగణించరు కాబట్టి ఆమెకు అది వర్తించదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి అనే కేంద్ర చట్టం, గిగ్ కార్మికుల కోసం ప్రమాద బీమా, ప్రసూతి ప్రయోజనాలు, శిశు సంరక్షణ కేంద్రాల వంటి పథకాలు కేంద్రం రూపొందించవచ్చని చెబుతోంది. యాప్ కంపెనీలు వార్షిక టర్నోవరులో 1 నుంచి 2 శాతం అందుకు చెల్లించాలి. వీటిలో స్త్రీల సంఖ్యను పెంచగలిగేది శిశు సంరక్షణ కేంద్రమేనని నా అభిప్రాయం, ఎందుకంటే బీమా ఇప్పటికే పనిలో ఉన్నవారికే అక్కరకొస్తుంది. మీకు తెలిసినవారు ఎవరైనా ఈ పనిలో ఉంటే, అసంఘటిత కార్మికుల కోసం కేంద్రం నడిపే ఈ-శ్రమ్ పోర్టల్‌లో ఆధార్‌తో పేరు నమోదు చేసుకోమని చెప్పండి.