సినిమాల్లో బార్బర్ షాపు సీన్లు, కత్తితో గడ్డం గీసే సీన్లు నిజానికి దగ్గరగా ఉంటాయా?

ఉండవు. మాది కావలి. మా తాత పొది, అంటే కత్తులూ కత్తెరలూ ఉండే సంచి, చంకన పెట్టుకుని పల్లెలు తిరిగి, చేసిన పనికి రైతులిచ్చే మేర గింజలు తెచ్చుకున్నాడు. మా నాయన టౌన్లో రెండు కుర్చీల షాపు పెట్టాడు. నేను ఇంటర్ తప్పాక ఆరేళ్ళు ఆ రెండో కుర్చీ పక్కన నిలబడ్డాను. ఇప్పుడు వేరే పని చేసుకుంటున్నా గానీ, తెర మీద ఎవరైనా కత్తి తెరిస్తే నా చూపు ముందు వాళ్ళ మణికట్టు మీదికే పోతుంది. చాలామంది వంకాయ కోసేటట్టు పట్టుకుంటారు.

అన్నిటికన్నా పెద్ద అబద్ధం మాటలు. మెడ మీద కత్తి ఉంటుంది, హీరో అరపేజీ డైలాగు చెబుతుంటాడు. మాట్లాడితే గొంతుముడి పైకీ కిందికీ పోతుందండీ. ఆ ముడి మీద నేరుగా గీయరు. చర్మాన్ని వేలితో పక్కకు లాగి, మెత్తటి చోటికి తెచ్చుకుని గీస్తారు. మనిషి గుటక వేస్తున్నాడనిపిస్తే చెయ్యి లేపేయాలి. భయం కుర్చీలో కూర్చున్నవాడిదని సినిమావాళ్ళు అనుకుంటారు. కూర్చున్నవాడు హాయిగా కునుకు తీస్తాడు. భయమంతా నిలబడ్డవాడిది.

నాకది 2004లో బాగా తెలిసొచ్చింది. మా షాపుకు ఒకాయన వచ్చేవాడు. పగలు ఎరువుల కొట్లో గుమాస్తా, తిరనాళ్ళ రోజుల్లో రాత్రిపూట కృష్ణుడు. ఆ రోజు రాత్రికి పక్క పల్లెలో నాటకం, ముఖానికి రంగు వేసుకోవాలి కాబట్టి నున్నగా రెండు చుట్లు గీయమన్నాడు. నాయన మొదటి కుర్చీలో ఎవరికో కటింగు చేస్తున్నాడు. అప్పుడే వాయిదాల మీద చిన్న కలర్ టీవీ కొని అద్దం పైన గూట్లో పెట్టి ఉన్నాడు. దాంట్లో ఏదో పాత కామెడీ. అది కూడా, నా ఖర్మ, మంగలి షాపు సీనే. సగం మీసం ఎగిరిపోయి ఒకడు గోల చేస్తున్నాడు. వెంట్రుక వాలుకి ఒక చుట్టు అయిపోయింది, ఎదురు గీత మొదలుపెట్టాను. ఎడమ దవడ కింద వెంట్రుక సుడి తిరిగే చోటు ఒకటి ఉంటుంది. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి కృష్ణుడు పొట్ట ఊగేటట్టు నవ్వాడు.

తెగిన వెంటనే రక్తం చిమ్మదు, అది సినిమాల్లోనే. ముందు సన్నటి తెల్ల గీత కనిపిస్తుంది. ఆవగింజంత ఎర్ర చుక్కలు ఒకదాని పక్కన ఒకటి లేస్తాయి. అవి కలుసుకునేలోపు నురగ గులాబీ రంగుకు తిరిగిపోతుంది. నేను కత్తి పట్టుకుని అట్టాగే నిలబడిపోయాను. నాయన అద్దంలో చూశాడు. గాటును కాదు, నా మొహాన్ని. వచ్చి మోచేత్తో నన్ను పక్కకు నెట్టి, చన్నీళ్ళతో తుడిచి, పటిక తడిపి అదిమి పట్టాడు.

“ఏందబ్బయ్యా, కోసినావా?” అన్నాడు పెద్దాయన, కళ్ళు ఇంకా టీవీ మీదే.

“చిన్న గాటన్నా. నువ్వు నవ్వబాకు,” అన్నాడు నాయన.

డబ్బులు తీసుకోలేదు. రాత్రికి నన్ను నాటకానికి తరిమాడు, ‘పో, చూసిరా’ అని. ముందు వరసలో కూర్చున్నాను గానీ పద్యం ఒక్క ముక్క వినలేదు. ఆయన రాగం తీసినప్పుడల్లా మెడ నరాలు ఉబ్బుతాయి కదా, నీలం రంగు కింద ఆ గాటు విచ్చుకుంటుందేమోనని నా ప్రాణం అక్కడే. జనం వన్స్‌మోర్ అన్నారు. అంతగా ఎవరినీ తిట్టుకోలేదు నేను. మళ్ళీ వారం వచ్చి ఆయన నా కుర్చీలోనే కూర్చున్నాడు. బెంచీ మీద ఉన్నవాళ్ళకు ‘కృష్ణుడి గొంతు కోసిన కంసుడు వీడే’ అని పరిచయం చేశాడు. రెండేళ్ళు అదే పేరు నాకు.

ఇక సినిమాల సంగతి. 2012లో వచ్చిన జేమ్స్‌బాండ్ ‘స్కైఫాల్’లో ఒకమ్మాయి ఆయనకు కత్తితో గడ్డం గీస్తుంది. అందరూ ఆహా అంటారు. ఆ మసక వెలుతురేందండీ? ట్యూబ్‌లైటు కిందనే మా నాయన ముఖాన్ని కిటికీ వైపు తిప్పుకునేవాడు. ఒక సీరియల్లో అయితే సగం బ్లేడు దూర్చే కత్తిని తోలుపట్టీ మీద పెట్టి టపటపా రాస్తున్నాడు. ఎయిడ్స్ భయం వచ్చాక మనిషికొక కొత్త సగం బ్లేడు వేసి పారేస్తున్నాం, దానికి పట్టీ ఎందుకు? నూరేది పాత మడతకత్తిని.

నిజంగా చేతి ఒడుపు తెలిసి తీసింది చాప్లిన్ ఒక్కడే. ‘ద గ్రేట్ డిక్టేటర్’, 1940. రేడియోలో బ్రామ్స్ సంగీతం వస్తుంటే దానికి తగ్గట్టు గీస్తాడు. అది తమాషాకే గానీ, పనికి ఒక తాళం ఉంటుందనేది నిజం. మా వాళ్ళు ఈ పనితో పాటు సన్నాయి, డోలు కూడా ఎందుకు వాయిస్తారో నన్నడిగితే ఇదే చెబుతాను. చేతికి లయ లేనివాడు గడ్డం గీయలేడు. కాదనేవాళ్ళు కాదనుకోండి.

2008లో జగపతిబాబు, రజనీకాంత్‌ల ‘కథానాయకుడు’ వచ్చింది, మలయాళం కథ. జగపతిబాబు మా వృత్తివాడు, రజనీ చిన్ననాటి స్నేహితుడు. దాన్నే హిందీలో 2009లో ‘బిల్లూ బార్బర్’ అని తీస్తే, అక్కడి వృత్తివాళ్ళు అభ్యంతరం చెప్పారని ‘బార్బర్’ తీసేసి ‘బిల్లూ’ మిగిల్చారు. పేరు మార్చడం తేలికే. ‘గొరగడానికి కూడా పనికిరావు’ అనే డైలాగు మాత్రం మన సినిమాల్లో ఇంకా తిట్టే. ఆ గొరగడం ఒక్క గంట నేర్చుకుని చూడమనండి రాసినాయన్ని. ఆ లెక్కన తమిళ ‘మండేలా’ (2021) నయం. ఊరంతా చిన్నచూపు చూసిన క్షురకుడి ఒక్క ఓటు కోసం రెండు వర్గాలు కాళ్ళబేరానికి వస్తాయి. అది నాయనకు చూపించాను, మాట్లాడలేదు, మళ్ళీ పెట్టమన్నాడు.

అన్నట్టు ఆ టీవీ. మర్నాడే నాయన దాన్ని దించి కుర్చీల వెనక గోడకు పెట్టించాడు, బెంచీ మీదవాళ్ళు మాత్రమే చూసేటట్టు. ఇక బెంచీవాళ్ళు పగలబడి నవ్వడం, కత్తి కింద ఉన్నవాడు ‘ఏందిరా ఆడ?’ అంటూ మెడ తిప్పడం. నెల తిరక్కుండా అమ్మేశాడు.