ఒక్క కిస్తీ తప్పకముందే బ్యాంకుకు వెళ్లండి

ప్రశ్న: మాది హనుమకొండ. మా ఆయన (39) దుబాయ్‌లో ఏసీ మెకానిక్‌గా చేసేవారు. కంపెనీ కాంట్రాక్టు అయిపోయి పోయిన నెల తిరిగొచ్చేశారు. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, జీతం 18 వేలు. ఇంటి లోను ఇంకా 24 లక్షలుంది, ఈఎంఐ 26,150. ఇప్పటిదాకా ఒక్కటీ తప్పలేదు. కంపెనీ ఇచ్చిన సెటిల్‌మెంట్ డబ్బు 4 లక్షలు చేతిలో ఉంది. లోనుకు కట్టేయమని అన్నయ్య, అది కదపకుండా రెండు రూపాయల వడ్డీకి తెచ్చి నెట్టుకురమ్మని మామయ్య అంటున్నారు. నర్సంపేట రోడ్డులో 150 గజాల ప్లాటుంది. ఏం చేయమంటారు?

జవాబు: ఆ 4 లక్షలు లోనుకు కట్టకండమ్మా. అసలు కాస్త తగ్గుతుంది గానీ, వచ్చే నెల ఈఎంఐ వచ్చే నెల కట్టాల్సిందే. ఇక నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. 8 శాతం అప్పు కోసం 24 శాతం అప్పా? మామయ్యగారి మనసు మంచిదే, లెక్కే కుదరదు.

మీరు పంపిన స్టేట్‌మెంట్‌లో ఒక సంగతి ఉంది. 2025లో రెపో రేటు (రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ) నాలుగు దఫాలుగా 6.5 నుంచి 5.25 శాతానికి దిగింది. మీ వడ్డీ కూడా 9 నుంచి 8కి వచ్చింది. కానీ బ్యాంకు ఈఎంఐని అలాగే ఉంచి గడువు తగ్గించింది. ఒప్పందం ప్రకారం ఇంకా 13 ఏళ్లుండాల్సింది ఇప్పుడు 12 ఏళ్ల లోపే అయిపోతోంది. మామూలు రోజుల్లో ఇది మంచిదే, మీకు మాత్రం ఇప్పుడు పనికిరాదు. రేటు మారినప్పుడు ఈఎంఐ మార్చుకోవాలా, గడువు మార్చుకోవాలా అన్నది ఖాతాదారు ఎంచుకునే వీలుండాలని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో చెప్పింది. కాబట్టి ముందు పాత గడువే అడగండి. ఈఎంఐ దాదాపు 24,800 అవుతుంది.

అది చాలదని నాకూ తెలుసు. రెండో అడుగు, గడువును ఇవాళ్టి నుంచి 20 ఏళ్లకు పొడిగించమనడం. ఈఎంఐ దాదాపు 20,100కు దిగుతుంది, మీ ఆయనకు 59 వచ్చేసరికి లోను తీరుతుంది. 20 ఏళ్లూ ఇలాగే నడిస్తే ఇప్పటి లెక్క కంటే అదనపు వడ్డీ దాదాపు 11 లక్షలు. భయపడకండి, మీది ఫ్లోటింగ్ రేటు (వడ్డీ మారుతూ ఉండే) లోను గనుక డబ్బు వచ్చినప్పుడల్లా జరిమానా లేకుండా ముందే కట్టుకోవచ్చు. అయితే ఈ పొడిగింపును బ్యాంకు రీస్ట్రక్చరింగ్‌గా (కష్టంలో ఉన్నవారికి షరతులు సడలించిన లోనుగా) రాస్తే సిబిల్‌లో, అంటే మీ అప్పుల చరిత్ర రికార్డులో ఆ మచ్చ పడుతుంది, తర్వాత కొత్త లోను కష్టమవుతుంది. ఎలా రాస్తారో సంతకం పెట్టేముందే అడగండి. ఆరు నెలలు ఏమీ కట్టక్కర్లేదని ఆశపెట్టినా తొందరపడకండి, ఆ ఆరు నెలల వడ్డీ 98 వేల దాకా అసలులో కలుస్తుంది.

అర్జీలో కష్టాలు ఏకరువు పెట్టనవసరం లేదు. ఉద్యోగం పోయిన తేదీ, నెలకు ఎంత కట్టగలరు, ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, ఈ మూడే రాయండి. వీసా రద్దు కాగితం, మీ జీతం స్లిప్పులు, ఆరు నెలల స్టేట్‌మెంట్ జతచేసి, మీ కాపీ మీద బ్యాంకు ముద్ర వేయించుకోండి. ఈఎంఐ ఎన్ఆర్ఈ (విదేశాల్లో ఉండేవారి) ఖాతాలోంచి కటవుతోందా చూడండి. మీ ఆయన ఇక్కడే ఉండిపోతే ఆ ఖాతాను మార్చాలి, ఆటో డెబిట్ కొత్త ఖాతాకు కట్టాలి. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు చాలామంది డబ్బుండి కూడా ఇక్కడే బౌన్స్ అవుతారు.

ఈఎంఐ 20,100కు దిగినా మీ జీతంతో ఇల్లు గడవదు. 4 లక్షలు మీ జీతానికి తోడుగా ఏడాదికి పైగా నడిపిస్తాయి. మీ ఆయన చేతిలో పని ఉంది, ఎండాకాలం వరంగల్‌లో ఏసీ మెకానిక్‌కు తీరిక ఉండదు. ప్లాటు మాత్రం ఇప్పుడే అమ్మకానికి పెట్టండి. ప్లాటు మీద అందరికీ మమకారమే గానీ అది అద్దె తేదు, ఈఎంఐ కట్టదు. అవసరం ముంచుకొచ్చాక అమ్మితే కొనేవాడే ధర చెబుతాడు.

ఒకవేళ కిస్తీలు తప్పితే, 90 రోజులు దాటాక ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది. ఆ తర్వాత తాకట్టు ఆస్తిని కోర్టుకు వెళ్లకుండానే బ్యాంకు స్వాధీనం చేసుకునే వీలిచ్చే సర్ఫేసీ చట్టం కింద నోటీసిచ్చి, బాకీ కట్టడానికి 60 రోజుల గడువు పెడతారు. లోను మార్చాలా వద్దా అన్నది బ్యాంకు ఇష్టం, అంబుడ్స్‌మన్ (బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారి) దాన్ని తిరగరాయించలేరు. కానీ మీ అర్జీకి 30 రోజులైనా జవాబే రాకపోతే మాత్రం రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయండి. ముద్ర వేయించుకున్న కాపీ అప్పుడు కావాలి.